21 ఎం.ఎం. సినిమా

సినిమా వాళ్ళకి 35 ఎం.ఎం. అంటే విడమరచి చెప్పక్కర్లేదు. రీళ్ళు మూలపడి అంతా డిజిటల్ అయిపోయినా ఆ మాట మాత్రం మన నోళ్ళలోంచి పోలేదు. అంతకంటే సన్నదైతే 16 ఎం.ఎం., గొప్పకి పోతే 70 ఎం.ఎం. తెలుగులో మొట్టమొదటి 70 ఎం.ఎం. చిత్రంగా 1986లో కృష్ణగారి 'సింహాసనం' వచ్చేనాటికి నేనింకా పుట్టలేదు గాని, మా నాన్న పని మానుకుని విజయవాడ వెళ్ళి మరీ ఆ సినిమా చూసొచ్చిన వైనం మా ఇంట్లో పురాణంలాగా చెప్పుకునేవారు.

అలాంటి ఇంట్లో పుట్టి, పన్నెండేళ్ళుగా సినిమా కబుర్లు రాసి పొట్టపోసుకుంటున్నదాన్ని. ఎం.ఎం. అంటే ఫిల్ము కొలతే తప్ప ఇంకోటి వుంటుందని నాకెలా తోస్తుంది చెప్పండి?

2022లో ఓ రోజు. ఏసీ గదిలో లైట్లు తీసేశారు. ఎదురుగా చిన్న తెర. నలుపూ తెలుపూ బొమ్మ. ఆ బొమ్మ మీద ఇటో చుక్క, అటో చుక్క పెట్టి, రెంటినీ కలుపుతూ ఓ గీత గీసి డాక్టరుగారు పైకి చదివారు, "21 ఎం.ఎం."

ఆ కొలతలో సినిమా వుంటుందని నేనెప్పుడూ వినలేదు. కాని నేను చూశాను. అందులో వేషం కూడా నాదే! ఆ కథే చెబుతాను వినండి.

* * *

కథకి ముందు ఫ్లాష్‌బ్యాకు వుంది. 2019.

మొదటిసారి కడుపుతో వున్నాను. అయిదో నెలలో పెద్ద స్కానింగు చేశారు. పొట్టమీద జిగురులాంటిది రాసి, ఆ పరికరం అటూ ఇటూ తిప్పి, గుండె ఇదీ, వెన్నెముక ఇదీ, కాళ్ళూ చేతులూ ఇవీ అని చూపించారు. బిడ్డ బొటనవేలు నోట్లో పెట్టుకుని కనబడింది. "అంతా బావుంది" అని కాగితం మీద రాసిచ్చారు. వాళ్ళు రాసింది అబద్ధం కాదు. ఇల్లంతా బాగానే చూశారు. వీధి తలుపు గడియ ఒక్కటే ఎవరూ చూడలేదు.

మూడు వారాలు తిరక్కుండానే, ఊరిబయట వేసిన ఓ సెట్టు దగ్గర షూటింగు విశేషాలు రాసుకుంటుంటే నడుము లాగినట్టనిపించింది. కుర్చీ లేక నిలబడ్డందుకు అనుకున్నాను. ఇంటికొచ్చి పడుకున్నాను. అర్ధరాత్రి పక్క తడిసింది. పెద్దగా నొప్పులు కూడా లేవు. ఆసుపత్రిలో చూసి, "గర్భసంచి మూతి తెరుచుకుపోయిందమ్మా, ఇక ఆపలేం" అన్నారు. 22వ వారం. తెల్లారేసరికి అంతా అయిపోయింది. ఆడపిల్ల.

మర్నాటినుంచి పరామర్శలు. మన వాళ్ళ పరామర్శ ఎలా వుంటుందో మీకు తెలియనిదేం కాదు. "గతుకుల రోడ్ల మీద కార్లలో తిరిగితే నిలుస్తుందా?" అని ఒకరు. "ఆ షూటింగుల్లో లైట్ల వేడికి పెద్దవాళ్ళే తట్టుకోలేరు" అని ఇంకొకరు. మా అత్తయ్య ఏమీ అనలేదు. నా పర్సులో వుండే షూటింగు పాసు తీసి బీరువాలో పెట్టేసిందంతే. అనడంకంటే అదే ఎక్కువ తగిలింది నాకు.

ఆ తరవాత నేను సెట్టు మీదికి వెళ్ళడం మానేశాను. ఇంటర్వ్యూలన్నీ ఫోన్లోనే కానిచ్చేదాన్ని. 2020లో కరోనా వచ్చి అందరూ అదే పని చెయ్యడంతో, నేనెందుకు రావడంలేదని అడిగినవాళ్ళే లేకపోయారు. నా బిడ్డని నేనే కార్లలో తిప్పి పోగొట్టుకున్నానన్న మాట మాత్రం లోపల రాయిలాగా వుండిపోయింది.

* * *

రెండోసారి నెల తప్పినప్పుడు వేరే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ పాత కాగితాలన్నీ తిరగేసి, "పోయినసారి సర్విక్స్ పొడవు కొలిచారా?" అని అడిగారు. నేను మా ఆయన మొహం చూశాను. ఆయన నా మొహం చూశాడు.

"గర్భసంచిని బోర్లించిన సీసా అనుకో అమ్మా" అన్నారావిడ. "సీసాకి మెడ వుంటుంది కదా, అదే సర్విక్స్. బిడ్డ బయటికొచ్చే వేళదాకా అది పొడుగ్గా, గట్టిగా మూసుకుని వుండాలి. కొందరికి ముందే కుంచించుకుపోతుంది. మూతి తెరుచుకునే ముందు మెడ పొట్టిదవుతుందన్నమాట. ఆ పొట్టిదవడం పైకి తెలీదు. నొప్పి వుండదు. స్కానులో మాత్రం కనబడుతుంది."

"ఎంత వుండాలండీ?"

"నడి నెలల్లో 35, 40 మిల్లీమీటర్లు. 25కి తగ్గితే జాగ్రత్తపడాలి."

అమెరికాలో 10 ఆసుపత్రుల్లో, దాదాపు 2,900 మంది గర్భిణులకి 24వ వారంలో ఈ కొలత తీసి, ఎవరికి కాన్పు ముందొచ్చిందో చూసి 1996లో ప్రకటించారట. సగటు పొడవు 35 ఎం.ఎం. వచ్చింది. మెడ ఎంత పొట్టిదైతే నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం అంత ఎక్కువని అందులో తేలింది. భగవంతుడు కూడా 35 ఎం.ఎం.లోనే తీశాడన్నమాట అని నవ్వుకున్నాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

నాలాగా ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళకి 16వ వారంనుంచి 24వ వారం దాకా, రెండు వారాలకోసారి కొలవడం మంచిదన్నారు. అదీ పొట్టమీంచి కాదు, లోపలినుంచి చేసే స్కాను. పొట్టమీంచి చూస్తే బిడ్డ తల అడ్డొస్తుంది. మూత్రం నిండి వుంటే మెడ వున్నదానికంటే పొడుగ్గా కనబడి మోసం చేస్తుంది. లోపలినుంచి అయిదు నిమిషాల పని. సిగ్గుపడితే సిగ్గు, లేకపోతే లేదు. బిడ్డకేమీ కాదు, మనకి నొప్పీ వుండదు. చెప్పుకోడానికి మొహమాటపడి ఎంతమంది వద్దంటున్నారో అని ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ సంగతి ఫోన్లో చెబితే తెనాలినుంచి మా అమ్మ గయ్యిమంది.

"ముందే తెలిసి ఏం బావుకుంటావే? భయం తప్ప! మేమంతా కొలతలు తీయించుకునే కన్నామా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నా వృత్తిలో నేర్చుకున్న మొదటి పాఠం కూడా అదే. చూసినవాళ్ళు చూడనివాళ్ళకి క్లైమాక్సు చెప్పకూడదు! రివ్యూలో ముగింపు బయటపెట్టిన కుర్ర విలేఖరులని ఎన్నిసార్లు తిట్టానో. అలాంటిది నా కథ ముగింపు నేనే ముందుగా అడిగి తెలుసుకోవడమా?

అయినా వెళ్ళాను.

* * *

స్కానింగు సెంటర్లో గోడమీద పెద్ద బోర్డు. ఇక్కడ పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పబడదని, అడగడం కూడా నేరమని. 1994లో వచ్చిన చట్టం. ఆ సంగతి తెలుసుకోదలచుకోలేదని సంతకం చేసి లోపలికి వెళ్ళాలి. ఏడ్చే ఓపిక కూడా లేనిదాన్ని, ఆడైతేనేం, మగైతేనేం. ఈసారి నిలిస్తే చాలని సంతకం పెట్టాను.

16వ వారం, 34 ఎం.ఎం. మా ఆయన హోటల్లో ఇడ్లీ తినిపించాడు.

18వ వారం, 29. "ఫరవాలేదు, చూద్దాం" అన్నారు డాక్టరుగారు. ఇడ్లీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

20వ వారం, 21. ఆవిడ తెర నావైపు తిప్పారు. మెడ పైభాగం గరాటులాగా విచ్చుకుంటోంది. నాలాంటి దానికి కూడా కనబడుతోంది. నా బిడ్డ కదులుతోంది, కింద గరాటు.

"అయితే ఈసారి కూడా ఇంతేనాండీ?" అన్నాను. గొంతు నాది కాదు.

"ఇది జాతకం కాదమ్మా, కొలత" అన్నారావిడ. "జాతకం చెప్పి వూరుకుంటారు. కొలత చూసి పని చేస్తాం."

తరవాత ఆవిడ చెప్పిన లెక్క నా డైరీలో ఇప్పటికీ వుంది. లండన్లో నికొలాయిడిస్ అనే డాక్టరు బృందం 24 వేలమందికి పైగా గర్భిణులకి ఈ కొలత తీశారు. 15 ఎం.ఎం. అంతకంటే తక్కువ వున్నవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. వాళ్ళలో 250 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ప్రొజెస్టిరోన్ మాత్రలు, రెండో జట్టుకి మందు లేని ఉత్తుత్తి మాత్రలు రాత్రిపూట పెట్టుకోమన్నారు. 34 వారాలలోపే కాన్పయినవాళ్ళు ఉత్తుత్తి జట్టులో నూటికి 34 మంది. మందు జట్టులో 19. ఇది 2007లో వచ్చిన ఫలితం.

"రెండు సంగతులు గుర్తుపెట్టుకో" అన్నారు. "మందు లేకపోయినా, మెడ అంత పొట్టిదైనా, మూడింట రెండొంతులమంది 34 వారాలు దాటారు. పొట్టిమెడ అనగానే పోయిందని కాదు. అలాగే మెడ పొడుగ్గా వున్నవాళ్ళకి కూడా ఇన్‌ఫెక్షను వల్లనో, బీపీ వల్లనో, కవలల వల్లనో ముందే రావచ్చు. బావుందని పూచీ లేదు, బాగాలేదని శాపమూ కాదు. ఎవరిని కనిపెట్టుకుని వుండాలో చెబుతుంది, అంతే."

నాకు ఇదివరకు ఒక బిడ్డ పోయింది గనక, మెడ 25కి తగ్గింది గనక, కుట్టు వెయ్యాలన్నారు. మర్నాడే వేశారు. నడుముకి ఇంజెక్షను ఇచ్చి, సంచి మూతిని తాడుతో బిగించినట్టు మెడ చుట్టూ గట్టి దారంతో కుట్టు. రాత్రిపూట ప్రొజెస్టిరోన్ సరేసరి.

ఆ కుట్టు ఎవరిదో తెలుసాండీ? మనవాడిదే! గోవాలో పుట్టి బొంబాయిలో పనిచేసిన డాక్టరు విఠల్ నాగేష్ శిరోద్కర్ 1955లో ప్రపంచానికి చెప్పాడు. ఇప్పటికీ దేశదేశాల డాక్టర్లు 'శిరోద్కర్ కుట్టు' అనే అంటారు. 1957లో ఆస్ట్రేలియాలో మెక్‌డొనాల్డ్ అనే ఆయన దాన్ని ఇంకా సులువు చేశాడు. నాకు వేసింది ఈ రెండోది. ఇక స్కాను సంగతంటారా, గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు, ఫ్యాక్టరీల్లో ఇనుములో పగుళ్ళు పట్టుకునే యంత్రం చూసి, దీనితో మనిషి కడుపులో కూడా చూడొచ్చు కదా అనుకున్నాడు. 1958లో తన బృందంతో ఆ బొమ్మలు లోకానికి చూపించాడు. ఇనుములో పగులుకైనా, నా మెడలో గరాటుకైనా విద్య ఒక్కటే. శబ్దం పంపించి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి బొమ్మ కట్టడం.

కుట్టు వేసిన మర్నాడు, ఇంటికి పంపించేముందు, రెండున్నరేళ్ళుగా గొంతులో అడ్డుపడ్డ ప్రశ్న అడిగేశాను.

"డాక్టరుగారూ, పోయినసారి నేను షూటింగులకి తిరిగినందువల్లేనా...?"

ఆవిడ రాస్తున్న పెన్ను ఆపారు.

"కాదు. నీ సర్విక్స్ తీరు అది. నువ్వు మంచం దిగకపోయినా అది తెరుచుకునేదే. ఇప్పుడు కూడా పూర్తిగా మంచానికి అతుక్కుపోవాల్సిన పనిలేదు. అలా పడుకోబెడితే లాభమని రుజువు కాలేదు. పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. బరువులెత్తకు, అలసిపోకు, ఇంట్లో మామూలుగా తిరుగు."

మా అత్తయ్య పక్కనే నిలబడి వుంది. ఇంటికొచ్చాక బీరువా తాళం తీసింది. షూటింగు పాసు తెచ్చి నా దిండు పక్కన పెట్టింది. అప్పుడు కూడా ఏమీ అనలేదు. ఆ రాత్రి మొదటిసారి నా పెద్దకూతురికోసం నేరం చేసినదానిలాగా కాకుండా, తల్లిలాగా ఏడ్చాను.

* * *

అక్కడినుంచి మా ఇంట్లో క్యాలెండరే దేవుడి పటం. 24 వారాలు. 28 వారాలు. ఏడో నెలలో సూడిదలు పెడతానని అమ్మ బయల్దేరి వచ్చింది. గాజులు తొడిగి, చలిమిడి పెట్టి, చెవిలో చెప్పింది, "ఏడో నెలలో వస్తే బతుకుతారు గాని, ఎనిమిదిలో మాత్రం రాకూడదే తల్లీ." ఈ మాట మీరూ వినే వుంటారు. డాక్టరుగారిని అడిగితే, "ఎవరు పుట్టించారో గాని శుద్ధ తప్పు. లోపల ఎన్ని రోజులు ఎక్కువుంటే అంత మేలు. ఏడుకంటే ఎనిమిది నయం, ఎనిమిదికంటే తొమ్మిది" అన్నారు.

33వ వారంలో నొప్పులు మొదలయ్యాయి. మన సినిమాల్లో ఈ ఘట్టంలో డాక్టరుకి ఒకటే డైలాగు కదా, "తల్లినో బిడ్డనో ఒకరినే కాపాడగలం!" స్ట్రెచరు మీద పడుకుని నేనా డైలాగు కోసమే ఎదురుచూశాను. ఆవిడ అది చెప్పలేదు. "నీ గురించి మాకు ముందే తెలుసుగా. అన్నీ సిద్ధంగా వున్నాయి" అన్నారు. రెండు రోజుల్లో నాలుగు ఇంజెక్షన్లు పడ్డాయి. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా గట్టిపడడానికట.

ఆ ఇంజెక్షన్ల విలువ నాకు తరవాత తెలిసింది. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి అయిదున్నర వారాలు ముందుగా కొడుకు పుట్టాడు. రెండు కిలోల పైచిలుకు. ప్రపంచంలో అంతకు మించిన అధికారం వున్న తండ్రి లేడు. అయినా ఊపిరితిత్తులు ముదరక, ఆ పసివాడు 39 గంటలే బతికాడు. పుట్టకముందే తల్లికి ఇంజెక్షను ఇస్తే బిడ్డ ఊపిరి నిలుస్తుందని న్యూజిలాండులో లిగిన్స్, హోవీ అనే డాక్టర్లు చూపించింది 1972లో. కాని ఆ ఇంజెక్షను కాన్పుకి ముందే పడాలి. బిడ్డ ముందే వస్తుందని ఎదురుచూస్తున్న చోటే ఆ వ్యవధి దొరుకుతుంది.

మందులతో నొప్పులు నాలుగు రోజులు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాక కుట్టు కత్తిరించేశారు. సరిగ్గా 34 వారాలకి పుట్టింది, ఆడపిల్ల. 1 కిలో 950 గ్రాములు. ఆ పసివాడికంటే తేలిక. పుట్టగానే పిల్లికూన ఏడ్చినట్టు సన్నగా ఏడ్చింది. అంతకంటే మంచి రీరికార్డింగు నా జన్మలో వినలేదు.

రెండు రోజులు గొట్టంతో గాలి, మొత్తం పదకొండు రోజులు బాక్సులో. తరవాత కంగారూలాగా నా గుండెకి ఆనించుకుని గంటల తరబడి కూర్చోవడం. ఇంటికి తెచ్చుకున్నాం.

21 ఎం.ఎం. అని విన్న రోజునుంచి లెక్కవేస్తే సరిగ్గా 98 రోజులు. రెండు రోజుల్లో శతదినోత్సవం తప్పిపోయిందన్నమాట! అయినా నా జీవితంలో ఇంతకుమించి ఆడిన సినిమా లేదు.

* * *

కుట్టు వల్లే నిలిచిందని ప్రమాణం చేసి చెప్పగలవా అని మీరడిగితే, చెప్పలేను. వెయ్యకపోయినా నిలిచేదేమో. ఒకే కథని రెండు క్లైమాక్సులతో తీసి పక్కపక్కన వేసి చూసుకోవడం సినిమాలోనే కుదురుతుంది. నాకు తెలిసిందల్లా ఒకటే. మొదటిసారి నాకు ముగింపు మాత్రమే చూపించారు. రెండోసారి ఇంటర్వెల్ దగ్గర లేపి, ఇంకా టైముంది, రీళ్ళు మార్చుకోవచ్చన్నారు.

2020లో ప్రపంచం మొత్తం మీద కోటీ 34 లక్షలమంది పిల్లలు 37 వారాలు నిండకుండా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందరికంటే ఎక్కువమంది మన దేశంలోనే. ఈ కొలత వాళ్ళందరినీ ఆపలేదు. కాని అయిదో నెల స్కానుకి ఎలాగూ వెళతారు కదా. ఇదివరకు ఒకసారి ఇలా జరిగినవాళ్ళయితే ఇంకా ముందే అడగాలి. "సర్విక్స్ ఎంత వుందండీ?" అని అడగడానికి ఖర్చేముంది?

ఇప్పుడు మా అమ్మాయి పరుగులు తీస్తోంది. నేను మళ్ళీ సెట్లకి వెళుతున్నాను, ఎవరూ పాసు దాచడంలేదు. మొన్న తెనాలి వెళ్ళాను. పక్కింటి కొత్త కోడలికి నాలుగో నెలట. మా అమ్మ పిట్టగోడ మీంచి వంగి అడుగుతోంది.

"ఏమ్మా, ఆ మెడ కొలిపించావా? 25కి తగ్గకూడదంట. ముందే తెలుసుకుంటే మంచిది కదా!"

నేను లోపల మంచినీళ్ళు తాగుతున్నదాన్ని, పొలమారింది.